రెండో లెన్స్ కొంటారా?

కొత్తగా కెమెరా కొనాలనుకునే వాళ్లు చాలామంది ఒకే చోట చిక్కుకుంటారు. ఒకవైపు జాకెట్ జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో ఇట్టే ఇమిడిపోయే కాంపాక్ట్ కెమెరా. ఇంకోవైపు లెన్స్ మార్చుకునే వీలున్న, మొదటి మెట్టు మిర్రర్‌లెస్. ధరలు చూస్తే పెద్ద తేడా కనిపించదు. తెలిసినవాళ్లను అడిగితే ఠక్కున వచ్చే జవాబు ఒకటే: "అంత డబ్బు పెడుతున్నప్పుడు మిర్రర్‌లెసే తీసుకోండి, సెన్సర్ పెద్దది."

ఈ సలహా అబద్ధం కాదు గానీ, సగం దగ్గరే ఆగిపోతుంది. సెన్సర్ ఎంత పెద్దదైనా దాని ముందున్న లెన్స్ వెలుతురును లోపలికి రానిస్తేనే దానివల్ల లాభం. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే కిట్ లెన్స్ ఆ పని అరకొరగానే చేస్తుంది. అందుకే ఎవరైనా నన్ను సలహా అడిగితే నేను మెగాపిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టను. ఒకటే అడుగుతాను: ఏడాది తిరిగేలోగా రెండో లెన్స్ కొంటారా? కొంటామంటే మిర్రర్‌లెస్ తీసుకోండి. కొనమంటే కాంపాక్ట్ తీసుకోండి. ఈ అధ్యాయం చదివాక ఆ ప్రశ్నకు మీరు నిజాయితీగా జవాబు చెప్పుకోగలగాలి.

బరిలో ఉన్న రెండు కెమెరాలు

గాలిలో మాట్లాడుకోకుండా రెండు కెమెరాలను ఎదురెదురుగా పెట్టుకుందాం. రెండూ కెనాన్‌వే తీసుకుంటే కంపెనీల గొడవ ఉండదు. కాంపాక్ట్ వైపు 2019లో వచ్చిన పవర్‌షాట్ జి7 ఎక్స్ మార్క్ 3. మిర్రర్‌లెస్ వైపు 2023లో వచ్చిన ఈఓఎస్ ఆర్50. విడుదలైనప్పుడు అమెరికాలో మొదటిదాని ధర 750 డాలర్లు, కిట్ లెన్స్‌తో కలిపి రెండోదాని ధర 800 డాలర్లు. అంటే ఒకే జేబును పోటీపడి అడిగే వస్తువులివి.

జి7 ఎక్స్‌లో ఉన్నది ఒక అంగుళం రకం సెన్సర్. వెడల్పు 13.2 మి.మీ., ఎత్తు 8.8 మి.మీ. ఆర్50లో ఉన్నది ఏపీఎస్-సి సెన్సర్, 22.3 మి.మీ. వెడల్పు, 14.9 మి.మీ. ఎత్తు. వైశాల్యం లెక్క కడితే దాదాపు మూడు రెట్లు. "సెన్సర్ పెద్దది" అనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. సోనీ ఆర్ఎక్స్100 వరసను జడ్‌వీ-ఈ10తో పోల్చినా, నికాన్ జడ్30తో పోల్చినా సెన్సర్ల తేడా దాదాపు ఇంతే. అందుకని కింద లెక్క కట్టే పద్ధతి మీరు చూస్తున్న మోడల్‌కూ పనికొస్తుంది.

చిన్న కెమెరాకు ఇంత ధరేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. 2010లో జపాన్ కంపెనీలు ప్రపంచమంతా కలిపి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపాయి. వాటిలో అత్యధికం చవక కాంపాక్టులే. 2023కి వచ్చేసరికి అన్ని రకాలూ కలిపినా 80 లక్షలు దాటలేదు. ఫోన్ కెమెరా బాగుపడేకొద్దీ చవక కాంపాక్టులు కనుమరుగయ్యాయి. ఫోన్ చేయలేని పని చేసేవే మిగిలాయి. మంచి లెన్స్, పెద్ద సెన్సర్, నిజమైన జూమ్ ఉన్నవి కాబట్టి వాటి ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది.

సెన్సర్ చూశాక రంధ్రం కూడా కొలవండి

లెన్స్ అంచు మీద రాసే ఎఫ్ నంబరును చూసి చాలామంది భయపడతారు. అది ఒక మామూలు భాగహారం. లెన్స్ మీద మి.మీ.లలో రాసే ఫోకల్ లెంగ్తును ఆ అంకెతో భాగిస్తే, వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం తెలుస్తుంది. రెండు కెమెరాలతో ఒకే చోట నిలబడి, ఒకే దృశ్యాన్ని, ఒకే వెడల్పులో, ఒకే షట్టర్ స్పీడుతో తీస్తున్నారనుకోండి. అప్పుడు ఏ లెన్స్ రంధ్రం పెద్దదో ఆ కెమెరాకే మొత్తం మీద ఎక్కువ వెలుతురు చేరుతుంది. సెన్సర్ పెద్దదైతే అదే వెలుతురు ఎక్కువ స్థలంలో పరుచుకుంటుంది, చిన్నదైతే తక్కువ స్థలంలో చిక్కగా పడుతుంది. మొత్తం వెలుతురు మాత్రం మారదు.

ఇప్పుడు మన రెండు కెమెరాల రంధ్రాలు కొలుద్దాం. ఆర్50తో వచ్చే కిట్ లెన్స్ 18-45 మి.మీ., ఎఫ్ 4.5 నుంచి 6.3. వెడల్పు కొసలో 18ని 4.5తో భాగిస్తే 4 మి.మీ. జూమ్ కొసలో 45ని 6.3తో భాగిస్తే సుమారు 7 మి.మీ. జి7 ఎక్స్ లెన్స్ 8.8 నుంచి 36.8 మి.మీ., ఎఫ్ 1.8 నుంచి 2.8. వెడల్పు కొసలో దాని రంధ్రం దాదాపు 5 మి.మీ. కిట్ లెన్స్ జూమ్ కొసలో కనిపించేంత దృశ్యమే కనిపించేలా దీన్ని జూమ్ చేస్తే సుమారు 9.5 మి.మీ. వస్తుంది. అంటే రెండు చోట్లా కాంపాక్ట్ రంధ్రమే పెద్దది. వెలుతురు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కిట్ లెన్స్‌తో పోలిస్తే కాంపాక్ట్‌కు ఒకటిన్నర రెట్లకు పైగా వెలుతురు అందుతోంది.

కాబట్టి మూడు రెట్ల సెన్సర్ ఉన్న కెమెరా కొని, దానికి కిట్ లెన్సే తగిలించి ఉంచితే, చీకట్లో తీసే ఫొటోలు కాంపాక్ట్‌తో తీసినవాటికంటే మెరుగ్గా రావు. కొన్నిసార్లు ఒక మెట్టు తక్కువే వస్తాయి. సెన్సర్‌కు పెట్టిన డబ్బు లెన్స్ దగ్గర ఆగిపోతుంది.

అదే ఆర్50కి 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ తగిలించండి. 50ని 1.8తో భాగిస్తే దగ్గరదగ్గర 28 మి.మీ. రంధ్రం. కిట్ లెన్స్‌లో ఎఫ్ 6.3 దగ్గర సెన్సర్ మీద పడే వెలుతురుతో పోలిస్తే ఇది 12 రెట్లు. ఈ లెన్స్ బరువు 160 గ్రాములు. 2020లో వచ్చినప్పుడు ధర 199 డాలర్లు. పెద్ద సెన్సర్ సత్తా బయటపడేది ఇలాంటి లెన్స్ పడ్డాకే.

మండపంలో పెట్టి చూద్దాం

రాత్రి ముహూర్తం. జీలకర్ర బెల్లం అయిపోయింది, తలంబ్రాలు మొదలయ్యాయి. మీరు వీడియో లైటు వెనక, బంధువుల వరసలో ఉన్నారు. పెళ్లికొడుకు దోసిలి పైకి లేస్తోంది. చేతుల కదలిక కొంతైనా ఆగి కనిపించాలంటే షట్టర్ స్పీడు సెకనులో 125వ వంతుకు తగ్గకూడదు. మండపం వెలుతురు ఓ మోస్తరుగా ఉందనుకుందాం.

కిట్ లెన్స్‌ను 45 దగ్గర పెట్టి ఎఫ్ 6.3తో తీస్తే ఐఎస్ఓ (ఫొటో వెలుతురును పెంచే అంకె) 6400 దాకా పోవాలి. ముఖాల మీద ఇసుక చల్లినట్టుండే నాయిస్ కనబడుతుంది, పట్టుచీర జరీ గీతలు కలిసిపోతాయి. కాంపాక్ట్‌లో అదే ఫ్రేము ఎఫ్ 2.8కి వస్తుంది, ఐఎస్ఓ 1250 చాలు. సెన్సర్ చిన్నది కాబట్టి ఆ 1250లో ఉండే నాయిస్, పెద్ద సెన్సర్ మీద 3600 దగ్గర ఉండేదానితో సమానం. అయినా 6400 కంటే నయమే. ఇక ఆర్50 మీద ఆ 50 మి.మీ. (ఫిఫ్టీ) లెన్స్ ఉంటే ఎఫ్ 1.8తో ఐఎస్ఓ 500 సరిపోతుంది. జరీలో పోగులు విడివిడిగా కనబడతాయి, గాలిలో బియ్యపు గింజలు కనబడతాయి, వెనక సీరియల్ లైట్లు మెత్తటి గుండ్రటి చుక్కలవుతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, ఎఫ్ 1.8 దగ్గర రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా కనిపించే లోతు సుమారు పది సెంటీమీటర్లే. పెళ్లికూతురు కళ్లు షార్ప్‌గా ఉంటే, ఒక అడుగు వెనకున్న పెళ్లికొడుకు ముఖం బ్లర్ అవుతుంది. ఇద్దరూ కావాలంటే ఎఫ్ 5.6 దాకా తగ్గించుకోవాలి. ఎంత పెద్ద రంధ్రం ఉన్నా, దాన్ని ఎప్పుడు మూసుకోవాలో తెలియాలి. రెండోది, లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకును మాత్రమే ఆపుతుంది. ఎదుటివాళ్ల కదలికను ఆపేది షట్టర్ స్పీడే. బల్ల మీది వస్తువుకు స్టెబిలైజేషన్ అక్కరకొస్తుంది, స్టేజి మీద కూచిపూడి ఆడుతున్న మీ అమ్మాయికి రాదు.

పట్టపగలు తేడా ఎంత?

ఎండలో లెక్క మారుతుంది. వెలుతురుకు కొదవ లేనప్పుడు పెద్ద సెన్సర్ ఎక్కువ వెలుతురును నింపుకోగలదు. లేపాక్షి గుడి మండపంలో స్తంభాల నీడలో నిలబడి, బయట ఎండలో మెరుస్తున్న ప్రాంగణాన్ని కలిపి తీస్తున్నారనుకోండి. రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ఫైల్) తీసి, ఇంటికొచ్చాక నీడల్ని పైకి లేపితే ఆర్50 ఫైల్‌లో స్తంభాల మీది చెక్కడాలు శుభ్రంగా తేలతాయి. కాంపాక్ట్ ఫైల్ కూడా ఇస్తుంది, కాకపోతే నీడల్లో కొంచెం ఇసుక చల్లినట్టుంటుంది. కిట్ లెన్స్‌తోనైనా మిర్రర్‌లెస్ స్పష్టంగా గెలిచే చోటు ఇదే. ఫొటోలను కంప్యూటర్లో కూర్చుని దిద్దుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇది అసలైన లాభం. జేపెగ్ తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లకు దీని ఊసే తెలియదు.

మెగాపిక్సెళ్ల గురించి బెంగ వద్దు. ఆర్50 ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది, జి7 ఎక్స్ ఫొటో 18 అంగుళాలు వస్తుంది. ఆల్బమ్ పేజీకి రెండూ ఎక్కువే.

ఎండలో మిర్రర్‌లెస్‌కు ఇంకో సుఖం వ్యూఫైండర్. మధ్యాహ్నం ఎండలో వెనక స్క్రీన్ సరిగ్గా కనపడదు. ఆర్50లో కన్ను ఆనించి చూసే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఉంది, జి7 ఎక్స్‌లో లేదు. కళ్లద్దాల వాళ్లు, దగ్గరి చూపు మందగించిన పెద్దవాళ్లు కొనేముందు దీన్ని తప్పక పరీక్షించి చూసుకోవాలి.

వెంట వచ్చే కెమెరా ఏది?

జి7 ఎక్స్ బరువు బ్యాటరీ, కార్డుతో 304 గ్రాములు, మందం 41 మి.మీ. ఆర్50 బాడీ 375 గ్రాములు, కిట్ లెన్స్ 130 గ్రాములు, మొత్తం 505. రెండు వందల గ్రాములు పెద్ద బరువు కాదు. అసలు తేడా మందంలో ఉంది. లెన్స్ తగిలించిన ఆర్50 ముందుకూ వెనక్కూ కలిపి దగ్గరదగ్గర పది సెంటీమీటర్లు ఉంటుంది. దానికి సంచీ కావాలి. సంచీ కావాల్సిన వస్తువు కొన్ని ప్రయాణాల్లో ఇంట్లోనే ఉండిపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, వారాంతాల్లో ఊళ్లు తిరిగే తల్లిదండ్రులను చూడండి. ఒక చేత్తో మనవడిని పట్టుకోవాలి, భుజాన డైపర్ల సంచీ ఉంటుంది. వాళ్లకు కోటు జేబులోంచి తీసి, ఒక మీట నొక్కి, 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 నుంచి 100 మి.మీ.కి సమానమైన జూమ్‌తో తీసి, మళ్లీ జేబులో పడేసుకునే కెమెరాయే ఎక్కువ ఫొటోలు ఇస్తుంది. అలాంటి జీవితం ఉన్నవాళ్లు కాంపాక్ట్ కొంటే అది చిన్న కోరికతో సర్దుకోవడం కాదు. తమ రోజు ఎలా గడుస్తుందో తెలిసి చేసిన మంచి ఎంపిక.

జూమ్ అక్కర్లేదు, నాణ్యత కావాలి, జేబులో పట్టాలి అనే వాళ్లకు మూడో దారి ఉంది. రికో జీఆర్ 3లో ఏపీఎస్-సి సెన్సరే ఉంటుంది, లెన్స్ 28 మి.మీ.కి సమానం, ఎఫ్ 2.8, బరువు 257 గ్రాములు. వీధుల్లో నడుస్తూ తీసే వాళ్లకు అది బాగా కుదురుతుంది. పిల్లల డాన్సును వెనక వరస నుంచి తీయాలనుకునే వాళ్లకు కుదరదు.

మౌంటు చూసి కొనండి

మిర్రర్‌లెస్ కొనడమంటే ఒక లెన్స్ కుటుంబంలోకి కోడలిగా వెళ్లడమే. బాడీ నాలుగైదేళ్లకు మారుతుంది, లెన్సులు పదిహేనేళ్లు ఉంటాయి. అందుకని బాడీ కంటే ముందు మౌంటు (లెన్స్‌ను బాడీకి బిగించే చట్రం) గురించి వాకబు చేయండి.

కెనాన్ 2012లో ఈఎఫ్-ఎమ్ మౌంటుతో మిర్రర్‌లెస్‌లోకి వచ్చింది. ఎమ్50 అనే మోడల్ యూట్యూబ్ చేసేవాళ్లలో బాగా పాకింది. కంపెనీ తర్వాత ఆర్ఎఫ్ మౌంటుకు మళ్లి, 2023లో ఈఎఫ్-ఎమ్ వరసను ఆపేసింది. ఆ లెన్సులు ఆర్50కి పట్టవు. సెకండ్‌హ్యాండ్‌లో ఎమ్50 చవగ్గా దొరికితే కొనుక్కోవచ్చు. కానీ ఉన్న లెన్సులతోనే సరిపెట్టుకోగలమనే వాళ్లే కొనాలి.

సోనీ ఈ మౌంటు 2010 నుంచి ఉంది కాబట్టి సిగ్మా, టామ్రాన్ లాంటి కంపెనీల లెన్సులు దానికి ఎక్కువ. కెనాన్ తన ఏపీఎస్-సి కెమెరాలకు సిగ్మా, టామ్రాన్‌లకు 2024లో తలుపు తీసింది. దాంతో 18-50 మి.మీ. ఎఫ్ 2.8 సిగ్మా జూమ్ ఆర్50కీ దొరుకుతోంది. ఇంటిల్లిపాదినీ ఒకే లెన్స్‌తో తీయాలంటే నా ఓటు దానికే.

రెండో లెన్స్ ఏది కొనాలో మీరు తీసేదాన్ని బట్టి ఉంటుంది. ముఖాలు, పెళ్లిళ్లు, స్టేజి అయితే ఫిఫ్టీ. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఏపీఎస్-సి మీద అది ఫిల్మ్ కెమెరాలో 80 మి.మీ. లెన్స్‌లా దగ్గరగా చూపిస్తుంది. ఆరడుగుల మనిషిని తల నుంచి కాలి దాకా పట్టాలంటే కెమెరా నిలువుగా పట్టుకున్నా నాలుగు మీటర్లు వెనక్కి జరగాలి. అపార్ట్‌మెంట్ హాల్లో అంత చోటుండదు. ఇంట్లో పిల్లల్ని తీయడానికి 28 మి.మీ. ఎఫ్ 2.8 పాన్‌కేక్ లెన్స్ నయం, బరువు 120 గ్రాములే. కొల్లేటి ఆటపాక దగ్గర పెలికాన్లనో, పులికాట్‌లో ఫ్లెమింగోలనో తీయాలంటే 100-400 మి.మీ. లెన్స్ కావాలి. ఆ పనికి కాంపాక్టూ చాలదు, కిట్ లెన్సూ చాలదు. పక్షుల మీద మనసున్న వాళ్లకు ఎంపికలో సందేహమే లేదు, మిర్రర్‌లెసే.

దుమ్ము, తేమ

లెన్స్ మార్చే ప్రతిసారీ సెన్సర్ బయటపడుతుంది. వేసవి గాలిలో, జాతరలో, ఇసుక తిన్నెల మీద లెన్స్ మార్చకండి. తప్పనిసరైతే కారులోకి వెళ్లి, పవర్ ఆపి, మౌంటును కిందికి వంచి, చకచకా మార్చండి. రబ్బరు బ్లోయర్ ఒకటి సంచీలో ఉండాలి. నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర పడితే పని పెరుగుతుంది.

కాంపాక్ట్‌లో సెన్సర్ మూసే ఉంటుంది. అయితే లెన్స్ గొట్టం బయటికొచ్చి లోపలికి వెళ్తున్నప్పుడు సన్నటి దుమ్మును పీల్చుకోగలదు. బీచ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే లెన్స్ మధ్యలోనే బిగుసుకుపోతుంది. అప్పుడు కెమెరా మొత్తం సర్వీస్ సెంటర్‌కే. మిర్రర్‌లెస్‌లో అయితే పాడైన లెన్స్ వరకే మార్చుకుంటే చాలు.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉన్నవాళ్లకు అసలు శత్రువు తేమ. గాజు మీద ఫంగస్ సాలెగూడులా పాకితే తీయడం కష్టం. కెమెరాను తోలుసంచీలో పెట్టి బీరువాలో మూసేయకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. వాడకంలో ఉన్న లెన్స్‌కు ఫంగస్ తక్కువ పడుతుంది.

ఈ వారం చేయాల్సిన నాలుగు పనులు

1. ఫోన్ గ్యాలరీ తెరిచి, గత ఏడాదిలో మిమ్మల్ని నిరాశపరిచిన ఫొటోలు ఒక ఆల్బమ్‌లో వేయండి. ఒక్కోదాని పక్కన కారణం రాయండి: చీకటి, కదలిక, దూరం, ఫోన్ తీసేలోగా క్షణం దాటిపోవడం. చీకటిలో కదలిక, దూరం ఎక్కువగా వస్తే మీకు లెన్సులు కావాలి. కాస్త జూమ్, కాస్త వేగం లేకనే పోయిన ఫొటోలు ఎక్కువైతే కాంపాక్ట్ చాలు. నిరాశపరిచినవే పెద్దగా లేకపోతే డబ్బు దాచుకోండి, ఫోన్ సరిపోతోంది.

2. బడ్జెట్ కాగితం మీద రాసేటప్పుడు బాడీ ధర దగ్గర ఆగకండి. రెండో లెన్స్, అదనపు బ్యాటరీ, వేగమైన కార్డు, సంచీ కలిపి కూడండి. ఆ మొత్తం భారమనిపిస్తే బాడీ ఒక మెట్టు తగ్గించి లెన్స్ ఉంచుకోండి, లెన్స్ మాత్రం తీసేయకండి. అదీ కుదరకపోతే కాంపాక్ట్ వైపు నిశ్చింతగా వెళ్లండి.

3. కొనేముందు చేత్తో పట్టుకోండి. హైదరాబాద్‌లోనూ పెద్ద ఊళ్లలోనూ కెమెరాలు రోజు అద్దెకిచ్చే వాళ్లున్నారు. ఒక శని, ఆదివారాలకు మిర్రర్‌లెస్, ఫిఫ్టీ లెన్స్ అద్దెకు తీసుకుని ఇంట్లో ఫంక్షన్‌కో గుడికో వెళ్లి రండి. గుడిలో కెమెరాకు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. సంచీ మోయడం మీకు ఇష్టంగా ఉందా, విసుగ్గా ఉందా, ఆ రెండు రోజుల్లోనే తేలిపోతుంది.

4. విదేశాల్లో ఉన్నవాళ్లతో తెప్పించుకుంటుంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. కొన్న దేశంలోనే చెల్లే వారంటీ అయితే, మిగిలే డబ్బు ఒక్క రిపేరుకు సరిపోకపోవచ్చు.

ఈ నాలుగూ చేశాక మొదటి ప్రశ్నకు మళ్లీ జవాబు రాయండి. రెండో లెన్స్ పేరూ, దాంతో తీయబోయే మొదటి మూడు ఫొటోలూ మీరు రాయగలిగితే మిర్రర్‌లెస్ కొనడానికి మీరు సిద్ధమే. రాయలేకపోతే కాంపాక్ట్ కొనండి, రోజూ వెంట తీసుకెళ్లండి, ఎఫ్ నంబరూ షట్టర్ స్పీడూ దాని మీదే నేర్చుకోండి. అలా నేర్చుకున్నది రేపు ఏ కెమెరా కొన్నా మీ చేతిలోనే ఉంటుంది.